న్యూరల్ నెట్‌వర్కులు మెదడును చూసే కట్టారు కదా, మళ్లీ మెదడులాంటి చిప్‌లు ఎందుకు?

కాకినాడ_ఈసీఈ
అందరికీ నమస్కారం. ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను. మా బ్యాచ్‌లో ముగ్గురు అమ్మాయిలం కలిసి న్యూరోమార్ఫిక్ కంప్యూటింగ్ (మెదడు పద్ధతిలో పనిచేసే చిప్‌లు) మీద ప్రాజెక్టు చేద్దామనుకున్నాం. గైడ్ మేడమ్ ఒకటే ప్రశ్న అడిగారు: "ఇప్పుడున్న ఏఐ అంతా న్యూరల్ నెట్‌వర్కులే, అవీ మెదడును చూసి కట్టినవే. మరి మీరు కొత్తగా చేసేదేంటి?" సరైన జవాబు చెప్పలేకపోయాం. వచ్చే వారం మొదటి రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

"మెదడు 20 వాట్లతో నడుస్తుంది" అన్న మాట ఎక్కడ చూసినా ఉంది. ఆ 20 వాట్లు దేనికి ఖర్చవుతాయో, అంత తక్కువతో ఎలా సరిపోతుందో మాత్రం ఎవరూ విడమరిచి రాయలేదు. తెలిసినవాళ్లు చెప్పగలరా?

శాస్త్రి_మాస్టారు
మీ మేడమ్ మంచి ప్రశ్న వేశారమ్మా. మెదడు నుంచి ఏం తీసుకున్నారు, ఏం వదిలేశారు అని రెండు భాగాలుగా చూస్తే జవాబు దొరుకుతుంది.

1943లో మెక్‌కల్లక్, పిట్స్ న్యూరాన్‌ను ఒక లెక్కగా రాశారు. వచ్చిన సంకేతాలన్నీ కూడాలి, హద్దు దాటితే 1, దాటకపోతే 0. 1949లో డొనాల్డ్ హెబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఒక కణం పదేపదే ఇంకో కణాన్ని ఉత్తేజపరుస్తుంటే ఆ రెండింటి మధ్య బంధం గట్టిపడుతుందన్నాడు. ఈ రెండు ఆలోచనల మీద 1958లో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ పర్సెప్ట్రాన్ అనే నేర్చుకునే నెట్‌వర్కును ప్రతిపాదించి, తర్వాత దాన్ని యంత్రంగానే కట్టించాడు. దాని కన్ను 400 ఫొటోసెల్స్, 20 వరసలు, వరసకు 20. అందులో వెయిట్లు (బంధాల బలాలు) అంటే పొటెన్షియోమీటర్లు, తిప్పితే కరెంటుకు అడ్డు మారే నాబ్‌లు. యంత్రం నేర్చుకునేటప్పుడు చిన్నచిన్న ఎలక్ట్రిక్ మోటార్లు నిజంగానే వాటిని తిప్పేవి. నేర్చుకున్నది ఆ నాబ్ ఏ కోణంలో ఆగిందో అక్కడే ఉండేది, సిగ్నల్ కూడా దాని గుండానే పోయేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఇక చూపు సంగతి. హ్యూబెల్, వీజల్ పిల్లి మెదడులో ఎలక్ట్రోడ్ పెట్టి, ఒక్కో కణం ఒక్కో వాలులో ఉన్న గీతకే స్పందిస్తుందని 1959లో చూపించారు. దాన్ని చూసి 1980లో జపాన్‌లో ఫుకుషిమా నియోకాగ్నిట్రాన్ అనే, ఆకారాలు గుర్తుపట్టే నెట్‌వర్కు కట్టాడు. యాన్ లెకున్ కన్వల్యూషన్ నెట్‌వర్కుల దాకా అదే వంశం.

దారి చీలింది 1986లో. రుమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ రాసిన బ్యాక్‌ప్రొపగేషన్ (జవాబులో తప్పును వెనక్కి పంపి వెయిట్లు సవరించే పద్ధతి) పేపరుతో నెట్‌వర్కులు లోతుగా నేర్చుకోవడం మొదలుపెట్టాయి. కానీ మెదడులో తప్పొప్పుల లెక్క అదే తీగ మీద వెనక్కి నడిచిన దాఖలా లేదు. డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టిన ఫ్రాన్సిస్ క్రిక్ 1989లో 'నేచర్'లో ఈ అభ్యంతరమే లేవదీశాడు. అంటే మెదడు నుంచి వల అల్లిక తీసుకున్నాం, మిగతాదంతా మన గణితం.

మోడల్_ట్రైనర్
మాస్టారూ, చరిత్ర బాగా చెప్పారు. కాకపోతే ఆ దారి చీలడం వల్లే ఏఐ పనిచేసిందని నా అభిప్రాయం.

2012లో ఫొటోలు గుర్తుపట్టే ఇమేజ్‌నెట్ పోటీలో రెండో స్థానానికి తప్పులు 26.2 శాతమైతే, గెలిచిన అలెక్స్‌నెట్ అనే నెట్‌వర్కుకు 15.3. నడిచింది రెండు గేమింగ్ గ్రాఫిక్స్ కార్డుల మీద. అందులో మెదడు సిద్ధాంతం కొత్తగా ఏమీ లేదు. డేటా పెరిగింది, మ్యాట్రిక్స్ గుణకారాలు వేగంగా చేసే హార్డ్‌వేర్ దొరికింది. ఇప్పటి చాట్‌బాట్‌ల వెనకున్న ట్రాన్స్‌ఫార్మర్ నెట్‌వర్కును కూడా ఏ న్యూరాలజిస్టునీ అడిగి కట్టలేదు. నేను రోజూ మోడల్స్ ట్రైన్ చేసేవాణ్ణి. స్పైకింగ్ నెట్‌వర్కుల (న్యూరాన్లు మెదడులోలా చిన్న చిటుకులతో, అంటే స్పైకులతో, మాట్లాడుకునేవి) పేపర్లలో "సంప్రదాయ నెట్‌వర్కుకు దగ్గరగా వచ్చాం" అనే కనిపిస్తుంది, "దాటేశాం" అన్నది అరుదు. స్పైక్ అంటే ఉన్నట్టుండి 0 నుంచి 1కి దూకడం. అక్కడ గ్రేడియెంట్ (ఎటు సవరించాలో చెప్పే వాలు) ఉండదు, అందుకని దాని బదులు నునుపైన ఒక నకిలీ వాలు పెట్టుకుని ట్రైన్ చేస్తారు. మళ్లీ బ్యాక్‌ప్రొపగేషనే, అదీ జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీదే.

చెల్లీ, నిరుత్సాహపరచడానికి కాదు. ప్రాజెక్టు చేయండి. "మెదడులా ఉంది కాబట్టి గొప్పది" అని మాత్రం రివ్యూలో అనకండి, అక్కడే దొరికిపోతారు.

వీఎల్‌ఎస్‌ఐ_రాయదుర్గం
> మ్యాట్రిక్స్ గుణకారాలు వేగంగా చేసే హార్డ్‌వేర్ దొరికింది

నిజమే అన్నా. కానీ ఆ హార్డ్‌వేర్‌లో కరెంటు ఎటు పోతుందో చూస్తే మేడమ్ ప్రశ్నకి జవాబు అక్కడే ఉంది.

స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ మార్క్ హొరోవిట్జ్ 2014లో 45 నానోమీటర్ల టెక్నాలజీకి వేసిన లెక్కలు మా ఫీల్డులో అందరికీ కంఠతా వచ్చు. 32 బిట్ల ఫ్లోటింగ్ పాయింట్ గుణకారానికి సుమారు 3.7 పికోజౌళ్లు (శక్తికి అతి చిన్న కొలత). చిప్ లోపలి చిన్న మెమరీ నుంచి 32 బిట్లు చదవడానికి సుమారు 5. అవే 32 బిట్లు చిప్ బయట డీర్యామ్ నుంచి తేవాలంటే సుమారు 640. గుణకారం కంటే ఆ అంకెను తేవడానికి 170 రెట్లు ఎక్కువ! ఇప్పటి చిప్‌లలో అంకెలు మారాయి గానీ ఆ అంతరం పోలేదు. డిజైన్ రివ్యూలో పవర్ రిపోర్టు తెరిస్తే లెక్క చేసే బ్లాకుల కంటే డేటా కదిలించే దారులే ఎక్కువ తింటూ కనిపిస్తాయి.

దీనికి మూలం 1945 నాటి వాన్ నాయ్‌మన్ నమూనా. ప్రాసెసర్ ఒకచోట, మెమరీ ఇంకోచోట, మధ్యలో ఒక ఇరుకు దారి. మెదడులో ఇలాంటి దారి లేదు. సినాప్స్ (రెండు న్యూరాన్లు కలిసే చోటు) ఎంత బలంగా ఉందన్నదే జ్ఞాపకం, సంకేతం ఎంత మేర దాటాలన్న లెక్క జరిగేదీ అక్కడే. మాస్టారు చెప్పిన పొటెన్షియోమీటర్ అచ్చం ఇదే పని చేసింది. సాఫ్ట్‌వేర్‌కి వచ్చేసరికి మనం దీన్ని పోగొట్టుకున్నాం.

రివ్యూలో ఇది చెప్పండి: "న్యూరల్ నెట్‌వర్కు మెదడు నుంచి అల్లికను తీసుకుంది. న్యూరోమార్ఫిక్ చిప్ మెదడు పొదుపును తీసుకోవాలని చూస్తోంది."

నాడీ_రెసిడెంట్
న్యూరాలజీలో డీఎం చేస్తున్నాను. 20 వాట్ల గురించి అడిగారు కదా, అది నా వంతు.

పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకి మెదడు లోతుల్లో ఎలక్ట్రోడ్ అమర్చే సర్జరీ ఉంటుంది. చాలాసార్లు పేషెంట్ మెలకువగానే ఉంటారు. జుట్టు కంటే సన్నని మొన ఉన్న మైక్రోఎలక్ట్రోడ్‌ను అర మిల్లీమీటరు, ఇంకా తక్కువ చొప్పున దించుతూ, దానికి అందే సంకేతాన్ని స్పీకర్‌లో వింటాం. తెల్లపదార్థంలో ఉన్నంతసేపు దాదాపు నిశ్శబ్దం. మేం చేరాల్సిన సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అనే కణాల గుంపులోకి దిగగానే స్టేషన్ సరిగా తగలని రేడియోలా చిటపటలు ఒక్కసారిగా పెరుగుతాయి. ఒక్కో చిటుకూ ఒక్కో స్పైక్. సరైన చోటికి చేరామని స్క్రీన్ చూడకముందే చెవికి తెలిసిపోతుంది.

ఆ చిటుకు వెనక ఏం జరుగుతుందంటే, ఊరికే ఉన్న న్యూరాన్ లోపల బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువగా ఉంటుంది. సంకేతాలు పోగుపడి మైనస్ 55 దగ్గరికి రాగానే సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి, వోల్టేజి పైకి దూకి సుమారు ఒక మిల్లీసెకనులో మళ్లీ పడిపోతుంది. ఖర్చంతా ఆ తర్వాత మొదలవుతుంది. లోపలికి వచ్చిన సోడియాన్ని పంపులు బయటికి తోడాలి. మూడు సోడియం అయాన్లు బయటికి, రెండు పొటాషియం లోపలికి, ప్రతి విడతకీ ఒక ఏటీపీ (కణానికి ఇంధనంలాంటి అణువు). మెదడు బరువు శరీరంలో 2 శాతమే అయినా శక్తిలో దాదాపు 20 శాతం తినేది ముఖ్యంగా ఇందుకే.

కాబట్టి స్పైక్ ఖరీదైన వస్తువు. 8,600 కోట్ల న్యూరాన్లూ ఒకేసారి గట్టిగా మోగితే భరించేంత ఆహారం శరీరం ఇవ్వలేదు. అందుకే కార్టెక్స్‌లో (మెదడు పై పొరలో) ఏ క్షణంలో చూసినా ఎక్కువ కణాలు మౌనంగా ఉంటాయి. ఎందరో ఒకేసారి మోగడం మొదలైతే దాన్ని మేం ఫిట్స్ అంటాం.

ట్రాన్స్‌కో_రిటైర్డ్
నాకు అర్థమయ్యే భాషలో లెక్క వేశాను. 20 వాట్ల మెదడు 20 ఏళ్లు రాత్రీపగలూ నడిస్తే సుమారు 3,500 యూనిట్లు. జీపీటీ-3 అనే భాషా మోడల్‌ను ఒక్కసారి ట్రైన్ చేయడానికి 1,287 మెగావాట్ అవర్లు పట్టిందని 2021లో గూగుల్, బర్క్‌లీ పరిశోధకులు అంచనా వేశారు. అంటే 12.87 లక్షల యూనిట్లు. సుమారు 367 మంది పుట్టి, పెరిగి, 20 ఏళ్లవాళ్లయ్యేదాకా వాళ్ల మెదళ్లు వాడుకునే కరెంటు. సర్వీసంతా లోడ్ లెక్కలతోనే గడిచింది నాకు. ఈ డేటా సెంటర్ల లోడ్ ఎవరు మోయాలి?

మోడల్_ట్రైనర్
సర్, ఆ పోలిక సరిగ్గా సరిపోదు. 20 ఏళ్ల పిల్లాడి మెదడు ఖాళీ పలకగా రాలేదు, కోట్ల ఏళ్ల పరిణామం ముందే దాన్ని మలిచింది. ఆ ఖర్చు మీ లెక్కలో లేదు. పైగా ఒకసారి ట్రైనింగ్ అయ్యాక మోడల్‌ను లక్షలమంది వాడుకుంటారు, నా మెదడును నేను తప్ప ఎవరూ వాడలేరు. అయినా మీరు లేవనెత్తిన ఆందోళన సరైనదే. ఏఐకి వాడే ఒక్క హెచ్100 జీపీయూ కార్డు 700 వాట్ల దాకా లాగుతుంది, ఒక సర్వర్లో అలాంటివి ఎనిమిది. నేను కాదనేది ఒక్కటే, దానికి పరిష్కారం స్పైకులే అన్న నమ్మకాన్ని.

జ్యూరిచ్_గోదావరి
ఆలస్యంగా చేరాను, ఇక్కడ ఈవెంట్ కెమెరాల మీద పనిచేస్తున్నాను. మాటల్లో కంటే చూస్తే తెలిసే విషయం ఒకటి చెబుతాను.

మామూలు కెమెరా సెకనుకు 30 ఫొటోలు తీస్తుంది, ఎదుట ఏమీ కదలకపోయినా సరే. ఈవెంట్ కెమెరాలో ప్రతి పిక్సెల్‌కీ సొంత సర్క్యూట్ ఉంటుంది. తన మీద పడే వెలుగు మారితేనే అది "ఇక్కడ, ఇప్పుడు, పెరిగింది" అనో "తగ్గింది" అనో సంకేతం పంపుతుంది. కెమెరాను గోడవైపు తిప్పి పెడితే స్క్రీన్ దాదాపు ఖాళీగా ఉంటుంది. చెయ్యి ఊపితే వేళ్ల అంచులు మాత్రమే మెరుస్తాయి, అరచేతి మధ్యభాగం కనిపించదు. చెయ్యి ఆపితే మాయమైపోతుంది. మైక్రోసెకన్లలో స్పందిస్తుంది కాబట్టి వేగంగా తిరిగే ఫ్యాన్ రెక్కలు చెదరకుండా విడివిడిగా కనిపిస్తాయి. మెయిన్స్ మీద మినుకుమినుకుమనే ట్యూబ్‌లైటు కింద పెడితే మాత్రం తంటా, ఆ మినుకు మొత్తం ఈవెంట్లుగా వచ్చి పడుతుంది.

దీని మూలం కాల్టెక్‌లో కార్వర్ మీడ్ ల్యాబ్. 1980ల చివర్లో న్యూరోమార్ఫిక్ అన్న పేరు పెట్టింది ఆయనే, ఆయన విద్యార్థిని మీషా మహోవాల్డ్ సిలికాన్ రెటీనా చేసింది. మన రెటీనాలో పది కోట్లకు పైగా వెలుగును పట్టే కణాలున్నా, మెదడుకు వెళ్లే నాడిలో తీగలు సుమారు పది లక్షలే. మారనిదాన్ని, పక్కనున్నదానితో సమానంగా ఉన్నదాన్ని కంటిలోనే వడగట్టేస్తుంది.

మోడల్_ట్రైనర్ గారూ, చాట్‌బాట్‌కి స్పైకులు పనికిరావంటే ఒప్పుకుంటాను. కానీ బ్యాటరీతో ఎగిరే డ్రోన్‌కి, చెవిలో పెట్టుకునే వినికిడి యంత్రానికి, ఎక్కువసేపు ఏమీ జరగని చోట కాపలా ఉండే సెన్సర్‌కి జీపీయూ కూడా పరిష్కారం కాదు కదా.

భావన_ఎంఏ
ఇలాంటి చిప్‌లు బాగా పెద్దవైతే వాటికి స్పృహ వస్తుందా? మెదడంత అయితే?

నాడీ_రెసిడెంట్
మేడమ్, సైజుతో వచ్చేదైతే చిన్న మెదడు, అదే సెరెబెల్లమ్, ముందుండాలి. మన న్యూరాన్లలో దాదాపు 80 శాతం అక్కడే ఉన్నాయి. అది పుట్టుకతోనే లేనివాళ్లు కూడా స్పృహతో బతుకుతున్నారు. కణాల లెక్క ఒక్కటే చూసి చెప్పలేం.

అల్లిక మొత్తం తెలిసినా సరిపోదు. 302 న్యూరాన్లున్న సి. ఎలిగాన్స్ పురుగు వైరింగ్ పటం 1986లోనే వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ పురుగు ప్రవర్తనను కంప్యూటర్లో పూర్తిగా రాబట్టలేకపోయారు. 2024లో పండు ఈగ మెదడు పటం వచ్చింది, 1,39,255 న్యూరాన్లు, 5 కోట్లకు పైగా సినాప్స్‌లు. నాకు అది చూస్తే ఒళ్లు పులకరించింది. ఏ తీగ ఎటు పోతుందో పటంలో ఉంది, ఏ సినాప్స్ ఎంత బలంగా ఉందో, ఏ రసాయనం ఎప్పుడు దాని స్వభావం మారుస్తుందో సగమే తెలుసు.

నిర్వాహకుడు
స్పృహ గురించి వేరే థ్రెడ్ తెరవండి. ఇక్కడ చిప్‌లు, ప్రాజెక్టు వరకే.

కాకినాడ_ఈసీఈ
అందరికీ ఎంతో థాంక్స్. ఇప్పుడు పొదుపు రెండు చోట్ల నుంచి వస్తోందని అర్థమైంది: మెమరీ, లెక్క ఒకేచోట ఉండటం, పని లేనప్పుడు మౌనంగా ఉండటం. ఈ రెండూ నిజంగా సాధించిన చిప్‌లు ఉన్నాయా?

వీఎల్‌ఎస్‌ఐ_రాయదుర్గం
ఉన్నాయి. 2014లో ఐబీఎం ట్రూనార్త్: 540 కోట్ల ట్రాన్సిస్టర్లు, 4,096 కోర్లు, 10 లక్షల న్యూరాన్లు, 25.6 కోట్ల సినాప్స్‌లు. వాడింది సుమారు 70 మిల్లీవాట్లు. కాకపోతే చిప్ మీద నేర్చుకోలేదు, బయట ట్రైన్ చేసి ఎక్కించాల్సిందే. 2017లో ఇంటెల్ లోహి చిప్ మీదే నేర్చుకునే నియమాలు తెచ్చింది. 2024లో 1,152 లోహి-2 చిప్‌లతో హాలా పాయింట్ కట్టారు. 115 కోట్ల న్యూరాన్లు, మైక్రోవేవ్ ఓవెన్ అంత పెట్టె, గరిష్ఠంగా 2,600 వాట్లు. మాంచెస్టర్లో స్టీవ్ ఫర్బర్ బృందం స్పిన్నకర్‌ను 10 లక్షల ఏఆర్‌ఎమ్ కోర్లతో కట్టింది. మన ఫోన్లలోని ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్ తొలి డిజైనర్లలో ఆయనొకరు.

నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది 2023లో ఐబీఎం నార్త్‌పోల్. ఇందులో స్పైకులు లేవు! మామూలు న్యూరల్ నెట్‌వర్కునే నడుపుతుంది, కానీ మెమరీ మొత్తాన్ని కోర్ల మధ్యే పరిచేశారు. లెక్క నడిచేటప్పుడు బయటి మెమరీ జోలికే పోదు. రెస్‌నెట్-50 (ఫొటోలు గుర్తుపట్టే నెట్‌వర్కు) మీద అదే 12 నానోమీటర్ల తరం జీపీయూ కంటే 25 రెట్లు మెరుగైన శక్తి పొదుపు చూపించారు. ట్రూనార్త్ చేసిన ధర్మేంద్ర మోదా బృందమే స్పైకులను పక్కనపెట్టి, మెమరీ పాఠాన్ని మాత్రం ఉంచుకుంది. మెదడు నుంచి ఏది తీసుకోవాలో ఏది వదలాలో ఎంచుకోవడంలోనే ఇంజనీరింగ్ అంతా ఉందని నాకనిపిస్తుంది.

మన దేశంలో చూస్తే, 2024లో బెంగళూరు ఐఐఎస్‌సీ బృందం అణువుల (మాలిక్యూల్స్) పొరతో మెమ్రిస్టర్, అంటే తన విద్యుత్ నిరోధాన్ని గుర్తుంచుకునే పరికరం, చేసి 'నేచర్'లో ప్రచురించింది. మామూలు బిట్‌కు రెండే స్థితులు, దీనికి 16,500. వెయిట్ పరికరంలోనే కూర్చుంటుంది, గుణకారం ఓమ్ నియమమే చేసిపెడుతుంది.

మోడల్_ట్రైనర్
నార్త్‌పోల్ ఉదాహరణతో నాకేం పేచీ లేదు, నేననేదీ అదే. ఇచ్చిపుచ్చుకోవడం అటు నుంచి కూడా జరిగింది. 1988లో రిచర్డ్ సటన్ రాసిన టెంపొరల్ డిఫరెన్స్ (అంచనాల మధ్య తేడాతో నేర్చుకునే) పద్ధతి పూర్తిగా కంప్యూటర్ అల్గారిథమ్. కోతులకి పళ్లరసం ఇస్తూ వోల్‌ఫ్రమ్ షుల్ట్జ్ కొలిచిన డోపమైన్ కణాలు, అనుకున్నదానికీ దక్కినదానికీ ఉన్న తేడాకే మోగుతున్నాయని 1997లో ఆ లెక్కతోనే వివరించారు. మెదడును చదివేవాళ్లకి ఏఐ కూడా పనిముట్టే.

శాస్త్రి_మాస్టారు
ప్రాజెక్టు మాట. మీకు శబ్దం తీసుకుంటే బాగుంటుందని నా సలహా. ఐఐటీ మద్రాసులో, తర్వాత ట్రిపుల్ఐటీ హైదరాబాదులో ప్రొఫెసర్ బి. యజ్ఞనారాయణ గారు మాట సంకేతాలు, న్యూరల్ నెట్‌వర్కులు రెండింటి మీదా దశాబ్దాలు పనిచేశారు. కంప్యూటర్‌కి మన మాట అర్థమయ్యేలా చేయడంలో రాజ్ రెడ్డి గారి పేరు చెప్పక్కర్లేదు, చిత్తూరు జిల్లా కాటూరు నుంచి ట్యూరింగ్ అవార్డు దాకా వెళ్లినవారు. మన నేలకి అలవాటైన విద్య ఇది.

జ్యూరిచ్_గోదావరి
మాస్టారి మాట బాగుంది. స్పైకింగ్ హైడెల్‌బర్గ్ డిజిట్స్ అని ఒక డేటాసెట్ ఉంది. ఇంగ్లిష్, జర్మన్ అంకెలు పలికించి, లోపలి చెవి ఎలా పనిచేస్తుందో ఆ నమూనాతో 700 ఛానళ్ల స్పైకులుగా మార్చారు. ఆ మార్చే ప్రోగ్రామ్ కూడా ఓపెన్‌గానే ఇచ్చారు. మీరు సున్నా నుంచి తొమ్మిది దాకా తెలుగులో రికార్డు చేయండి. శ్రీకాకుళం గొంతులు, రాయలసీమ గొంతులు, తెలంగాణ గొంతులు, పెద్దవాళ్లు, చిన్నపిల్లలు. టెస్ట్ కోసం కొన్ని గొంతులు పూర్తిగా పక్కన పెట్టండి, ట్రైనింగ్‌లోకి రానివ్వొద్దు.

వీఎల్‌ఎస్‌ఐ_రాయదుర్గం
దాన్ని ఎఫ్‌పీజీఏ (మనకు కావలసిన సర్క్యూట్‌గా మార్చుకోగల చిప్) మీద నడపండి. లీకీ ఇంటిగ్రేట్ అండ్ ఫైర్ న్యూరాన్ (సంకేతాలను కూడుతూ, మెల్లగా కారుతూ, హద్దు దాటితే స్పైక్ వేసేది) చాలు, దాని మూలం 1907 నాటి లాపీక్ నమూనా. స్పైక్ 0 లేదా 1 కాబట్టి గుణకారమే అక్కర్లేదు, స్పైక్ వస్తే వెయిట్‌ను కూడటమే. లీక్ కోసం భాగహారం పెట్టకండి, వోల్టేజి రిజిస్టరును నాలుగు బిట్లు కుడికి జరిపి దాన్నుంచి తీసేస్తే పదహారో వంతు కారినట్టే. వెయిట్లు చిప్ లోపలి బ్లాక్ ర్యామ్‌లోనే పెట్టండి, బోర్డు మీది డీడీఆర్ (బయటి మెమరీ) వాడారంటే ఈ థ్రెడ్‌లో చెప్పుకున్నదంతా వృథా. స్పైక్ లేని సైకిల్‌లో కూడికలు చేసే భాగానికి క్లాక్ ఆపేయండి. పవర్ చెప్పేటప్పుడు బోర్డు మొత్తం, చిప్‌లో ఊరికే కారిపోయేది, నిజంగా పనికి ఖర్చయ్యేది విడివిడిగా చూపించండి. చాలా రిపోర్టుల్లో ఈ మూడూ కలిపేస్తారు.

కాకినాడ_ఈసీఈ
ఈ రోజు మేడమ్‌కి చెప్పాం, ఒప్పుకున్నారు! హాస్టల్లో అన్ని జిల్లాల వాళ్లూ ఉన్నారు కాబట్టి గొంతులకి లోటు లేదు. పెద్దవాళ్ల గొంతులు సెలవుల్లో ఊళ్లకి వెళ్లినప్పుడు తీసుకుంటాం. ఒక సందేహం: మూడు, ఏడు రెండూ 'డు'తోనే ముగుస్తాయి. ముందు భాగంలో కాస్త తేడానే నెట్‌వర్కు పట్టుకోవాలి. లీక్ మరీ వేగంగా ఉంటే 'డు' వచ్చేసరికి మొదటి అక్షరం మర్చిపోదా?

జ్యూరిచ్_గోదావరి
మర్చిపోతుంది. అందుకే న్యూరాన్లన్నిటికీ ఒకే లీక్ పెట్టకండి. కొన్ని పది మిల్లీసెకన్లలో మరిచిపోయేవి, కొన్ని వంద, రెండు వందలు నిలుపుకునేవి కలపండి. నిజమైన మెదడులోనూ కణాలన్నీ ఒకేలా ఉండవు. షిఫ్ట్ ఎన్ని బిట్లన్నది న్యూరాన్‌ను బట్టి మార్చితే హార్డ్‌వేర్ పెద్దగా పెరగదు.

మోడల్_ట్రైనర్
రికార్డింగులు అయ్యాక డేటా ఓపెన్‌గా పెట్టండి, మాట్లాడినవాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకుని. అదే డేటా మీద ఒక చిన్న కన్వల్యూషన్ నెట్‌వర్కు, ఒక జీఆర్‌యూ (వరసగా వచ్చే డేటాకి వాడే మామూలు నెట్‌వర్కు) నేను 8 బిట్లకి కుదించి ట్రైన్ చేసి ఇస్తాను. ఖచ్చితత్వం ఎంత, ఒక్కో మాటకి ఎన్ని జౌళ్లు, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.